గంధం

మా రైలు రేపటికి గాని లేదు. స్టేషను పక్కన జుగ్సలాయి పేటలోని హోటల్లో గది ఇచ్చేముందు నుదుటికి యంత్రం పెట్టి జ్వరం చూస్తారు. ఉంటే ఆసుపత్రి బండిని పిలుస్తారు. పోయిన వారం ఆ బండెక్కిన మా మరిది తిరిగి రాలేదు.

మా ఆయన ఒళ్లు పొద్దుటి నుంచీ కాలిపోతోంది. గుమ్మం బయటే, రామా అనుకుంటూ, ఆయన నుదుటి నిండా చల్లని గంధం పూశాను.

గుమాస్తా యంత్రం పెట్టాడు.

"తొంభై ఏడు. ఠీక్ హై," అన్నాడు. కానీ తాళంచెవి ఇవ్వలేదు. గంధాన్నే చూస్తున్నాడు.

"ఏటమ్మా ఇది?" ఈసారి తెలుగులో అడిగాడు.

"స్వామి ప్రసాదం, బాబూ."

అతను అటూ ఇటూ చూసి, నా వైపు తల వంచాడు.

"కాసేపట్లో మేనేజరొచ్చి మా నుదుళ్లూ చూత్తాడు. నాకూ కూసింత రాయండమ్మా."

గంధం అద్దిన వేలు అతని నుదుటికి ఆనించాను. మా ఆయన నుదుటికన్నా వేడిగా ఉంది.