భుజం మీద చెయ్యి

నగరి స్టూడియోలో కోమలి కంప్యూటరు ముందర కూర్చోని, నేను తెచ్చిచ్చిన ఆనందమ్మ ఫోటోకు పూల బార్డరు పెడతా ఉండాది. దినాల నాటికి దానికి దండ వెయ్యాల. పక్కనుండే మగమనిషిని తీసేసినా, ఆమె భుజం మీద వంకర చిటికెనవేలుండే ఆయన చెయ్యి మిగిలిపోయింది.

"ఆయన బతికే ఉండాడా తాతా? బతికుండే మనిషి చెయ్యి దండేసే ఫోటోలో ఉండకూడదు. బార్డరు లోపలికి జరిపితే మూసుకుపోతాది," అనింది.

జరిపింది. చెయ్యి పోయింది. ఆనందమ్మ ఒక్కతే అయిపోయింది.

"వద్దు పాపా, వెనక్కి జరుపు."

"బాగుండాదే! రేపు మీ ఆడోళ్లు తిట్టేది నన్ను."

"ఆయన కూడా పోయినాడులే."

"అయ్యో! ఎప్పుడు?"

"ఆమెతోనే."

"అట్లయితే ఆయన్ను గూడా మళ్లా పెడతా తాతా. ఇద్దరికీ ఒకే దండ."

"వద్దు. చెయ్యి చాలు."

బార్డరు వెనక్కి జరిపి, ప్రింటు తీసి ఇచ్చింది. తప్పని తెలిసినా ఎడంచేత్తోనే అందుకున్నాను. కుడిచెయ్యి తువ్వాల కింద దాచుకున్నాను. ఫోటోలో ఉండే వంకర చిటికెనవేలు దానికి ఇంకా అట్లే ఉండాది.