కుడిపక్క మనిషి

ఆఖరి రైలు వచ్చి ఆగిపోయాక మా రేపల్లెలో ఇంక చప్పుడుండదు. పట్టాలు కూడా ఇక్కడితో సరి. నేను పనికి కూర్చునేది అప్పుడే.

నా పని కంప్యూటర్‌లో పిక్సెల్ బొమ్మలు వెయ్యడం. ఒక్కో గడికీ రంగు నింపుతూ, ఎప్పుడో మునిగిపోయిన నార్వే తీరరక్షణ యుద్ధనౌకలను మళ్లీ నిలబెడతాను. ఆ రాత్రి, గడ్డకట్టే చలి సముద్రంలో మనుషులతో సహా మునిగిపోయిన ఐడ్స్‌వోల్డ్ అనే ఓడను ఎదురుగా నిలబడి చూసినట్టు వేస్తున్నాను. ఎడమ సగం నేను వేస్తే చాలు, అద్దంలో పడ్డట్టు కుడి సగం దానంతటదే వచ్చేస్తుంది. ఓడ మీద మనుషుల్ని మాత్రం వెయ్యను. అది నా పద్ధతి.

మజ్జిగ తెచ్చిన తమ్ముడు అభిరామ్ నా కుడిపక్క నిలబడి తెర మీదికి వంగాడు.

"అక్కా, ఈ చివర రెయిలింగ్ దగ్గర ఆ మనిషేంటి?"

కుడి సగంలో, మూడు గడుల మనిషి. ఎడమ సగంలో ఎవరూ లేరు.

"నేను వెయ్యలేదురా."

చెరిపాను. పోలేదు. విసుగొచ్చి, వేసిందంతా వెనక్కి తీసేస్తూ పోయాను. ఫిరంగులు, కిటికీలు, కెరటాలు రెండు పక్కలా జంటలు జంటలుగా మాయమయ్యాయి. తెల్లటి తెర మిగిలింది. మనిషీ మిగిలాడు.

"కుడిపక్కది అద్దమే కదక్కా," అన్నాడు అభిరామ్ మెల్లగా. "అద్దంలో పడాలంటే ఎడమపక్క ఎవరో ఒకరు ఉండాలిగా."

మే నెల ఉక్కలో, నా ఎడమ చెవి పక్కనే, ఎవరికో చలికి పళ్లు టకటకలాడాయి.