కాస్త అడ్డు చెప్పండమ్మా!

"చర్చిలో కోతి బొమ్మ పెడతారా? పెట్టుకోండి. ఎంత ఎత్తుంటుందేమిటి? మా గుమ్మం కాస్త పొట్టి," అంది పాస్టరమ్మ హెస్టర్ పిమ్, కెటిల్‌లో నీళ్ళు పోస్తూ.

డెస్మండ్ ప్లమ్లీకి ఒళ్ళు మండింది. కయ్యానికి కాలు దువ్వుకుంటూ వచ్చిన మనిషికి కుర్చీ వేసి బిస్కెట్లు పెడితే మండదా మరి? ఆయన ఊరి నాస్తిక సంఘానికి అధ్యక్షుడు. నవంబరులో ఒక మంగళవారం పరిణామ సిద్ధాంతం పుట్టినరోజు చేయబోతున్నాడు. పోయినేడు చేస్తే ఆయనా, కోశాధికారీ, వానకి లోపలికొచ్చి నిలబడ్డ పోస్ట్‌మ్యానూ మిగిలారు. ఈసారీ జనం రాకపోతే శాఖ ఎత్తేస్తామని ష్రూస్‌బరీలోని పెద్ద సంఘం తెగేసి చెప్పింది. డార్విన్ పుట్టిన జిల్లాలో డార్విన్‌కి దిక్కులేకుండా పోవడమా! అది తలుచుకుంటే ఆయనకి ముద్ద దిగడం లేదు.

"బొమ్మ ఒక్కటే కాదు. మీరు నిలబడే చోటే నిలబడి ఉపన్యాసం దంచుతాను," అన్నాడు గొంతు పెంచి.

"మైకు పెట్టుకోండి. వెనక బెంచీల వాళ్ళకి ఒక్క ముక్క వినబడి చావదు."

"ఆదాము, అవ్వ అంతా కట్టుకథ అంటాను!"

"అనండి. పాలెన్ని పొయ్యమంటారు?"

"అసలు దేవుడే లేడంటాను!"

"మేం పాస్టర్ చదువు చదివేటప్పుడు రోజూ రాత్రి భోజనాల దగ్గర అదే గొడవండీ. చక్కెర?"

డెస్మండ్ నీరుగారిపోయాడు. ముప్పయ్యేళ్ళు బడిలో జీవశాస్త్రం చెప్పి, ఎంతటి మొండి ఘటాలనైనా దారికి తెచ్చినవాడు. ఈ మెత్తని మనిషి దగ్గర ఏ పప్పూ ఉడకడం లేదు. చివరికి చేతులు జోడించినంత పని చేశాడు.

"కాస్త అడ్డు చెప్పండమ్మా, మీకు పుణ్యముంటుంది!"

పాస్టరమ్మ కప్పు దించింది. "అడ్డా? ఎందుకు?"

"మీరు వద్దంటే పేపర్లో పడుతుంది. పేపర్లో పడితే జనం వస్తారు. గొడవ లేని చోటికి మనూళ్ళో ఎవడొస్తాడు చెప్పండి? ఉత్త కేకు కోసమైతే ఇళ్ళల్లోనే ఉంది."

"అయ్యో, ఆ ముక్క ముందే చెప్పొద్దూ! ఎంత గట్టిగా చెప్పమంటారు అడ్డు?"

"మీకు చేతనైనంత."

ఆమె కిటికీలోంచి తడిసిన సమాధుల వైపు కాసేపు చూసింది. "అయితే మంగళవారం వద్దు. ఆదివారం పెట్టండి, పొద్దున పదిన్నరకి. సరిగ్గా ప్రార్థన వేళకి మీరొచ్చి కూర్చుంటేనే కదా నాకు కోపం రావడంలో ఓ అర్థం ఉండేది."

"భేష్!" అన్నాడు డెస్మండ్.

"మధ్యలో ఒక పాట పాడండి. జంతువుల మీదే లెండి. లేకపోతే ఆర్గన్ వాయించే డాఫ్నీగారు అలుగుతుంది, ఆవిడ అలిగితే క్రిస్మస్ దాకా తేరుకోదు. ఆఖర్న డార్విన్‌గారి గౌరవార్థం ఓ నిమిషం తలొంచుకుని నిలబడండి. పెద్దాయనకి ఆ మాత్రం మర్యాద చెయ్యాలిగా."

ఇవేం షరతులు! డెస్మండ్ అక్కడికక్కడే ఒప్పుకుని, రెండో బిస్కెట్ కూడా తీసుకున్నాడు.

పాస్టరమ్మ మాట నిలబెట్టుకుంది. 'ప్రార్థన వేళ కోతి పండగా? దమ్ముంటే గడప తొక్కండి!' అని ఆ వారం పేపర్లో ఆమె ఫొటోతో సహా వచ్చింది. ఫొటోలో నడుం మీద చేతులేసుకుని నిజంగానే భయపెట్టింది. ఊరు రెండుగా చీలిపోయింది. పబ్బులో దేవుడి పక్షం ఒక బల్లకి, కోతి పక్షం ఒక బల్లకి చేరాయి. రెండు పక్షాల్లోనూ బైబిలు తెరిచినవాడు లేడు, డార్విన్‌ని చదివినవాడు లేడు.

ఆదివారం కుండపోత వాన. అయినా చర్చి కిటకిటలాడింది. బాప్తిస్మం నాడు ఏడ్చి వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఇప్పుడే లోపలికొచ్చారు. కసాయి దుకాణం ఫ్లెచర్ పెళ్ళాం పిల్లలతో దిగాడు. ఎవరో తాబేలు ఆకారంలో కేకు తెచ్చారు. పాస్టరమ్మ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యి కలుపుతూ, "రండి రండి, నాకు చాలా కోపంగా ఉంది, ముందు బెంచీల్లోకి జరగండి," అంటోంది.

డెస్మండ్ విజృంభించాడు. చేప ఎలా ఒడ్డెక్కిందో చెప్పాడు, తోక ఎలా ఊడిందో చెప్పాడు. జనం పాట పాడారు. తలలొంచుకుని నిమిషంపాటు నిలబడ్డారు. మనం పొట్లాట ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తుండగానే అంతా అయిపోయి టీ వచ్చేసింది. అప్పటికి కడుపు నిండినవాడికి పొట్లాట మీదేం ధ్యాస ఉంటుంది?

డెస్మండ్‌కి కళ్ళు చెమర్చాయి. ఇంత జనం వచ్చారని తెలిశాక ష్రూస్‌బరీ వాళ్ళు నోరెత్తలేరు. పైగా చర్చిలో నిలబడి, చర్చినే ఓడించాడు. ఆనందంతో గుండె పొంగిపోయింది.

వెనక బెంచీలోంచి నల్లకోటు పెద్దమనిషి ఒకాయన లేచొచ్చి, డెస్మండ్ చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. మెడ దగ్గర పాదిరీల తెల్ల పట్టీ ఉంది.

"నేను బిషప్‌గారి ఆఫీసు నుంచి వచ్చానండీ. ఇక్కడికి జనం రావడం లేదని, ఈ ఆదివారం ప్రార్థన ఒక్కటి చూసి తాళం వేసేద్దామనుకున్నాం," అన్నాడాయన. "ప్రసంగం కాస్త కొత్త పోకడే గానీ, మీలాంటి భక్తులుండగా ఈ చర్చిని ఎలా మూస్తామండీ!"