ఖాళీ తేనె సీసా

"ఏమండీ పెద్దాయనా, అలా దూరిపోతే ఎలా? లైను వెనకనుంచి!"

లొరెయిన్ అరిచిన అరుపుకి, పాటల రికార్డులమ్మే కొట్టు గుమ్మంలో కాలు పెట్టబోయిన ముసలాయన ఠక్కున ఆగిపోయాడు. నెత్తిన తడిసిన ఉన్ని టోపీ, చేతిలో సంత సంచీ.

"లోపల నాకు చిన్న పనుందమ్మా."

"అందరికీ లోపలే పని. గంటన్నరనుంచి వానలో నించున్న వాళ్ళం పిచ్చివాళ్ళమా?"

క్యూలో నలుగురూ కిసుక్కున నవ్వారు. పాపం ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కనబడిన ప్రతివాళ్ళకీ క్షమాపణ చెప్పుకుంటూ, చేపల కొట్టు దాకా సాగిన ఆ క్యూ చివరికి వెళ్ళి బుద్ధిగా నించున్నాడు.

లొరెయిన్ అంత దురుసు మనిషేం కాదు. ఆవిడ కంగారు ఆవిడది. పదకొండింటికి ఆబ్రీ టాటర్సల్ ఈ స్కార్‌బరో ఊరికి వచ్చి, ఈ కొట్లో కూర్చుని తన కొత్త రికార్డు మీద సంతకాలు పెట్టాలి. నలభై ఏళ్ళుగా పాడుతున్నా పేరు రాని రాక్ గాయకుడు. ఎలా వస్తుంది? గిటారు చెంచాతో వాయిస్తాడు. పాట సగంలో ఆపి టీ తాగుతాడు. స్టేజి ఎక్కితే చాలు, తేనెటీగలు పెంచేవాళ్ళు పెట్టుకునే వల టోపీ మొహం మీదికి దించుకుంటాడు. ఇంటర్వ్యూకి రమ్మంటే తన తేనెటీగలకి ఒంట్లో బాగాలేదంటాడు. ఇలాంటివాణ్ణి ప్రేమించాలంటే గుండె ధైర్యం కావాలి. అది ఆ చుట్టుపక్కల ఆరుగురికే ఉంది.

"ఈసారి ఎవరూ రాకపోతే గిటారు అటకెక్కించేస్తాను" అని ఆయన కొట్టు యజమాని నైజెల్‌కి ఉత్తరం రాశాడట. ఆ మాట విన్న దగ్గర్నుంచీ లొరెయిన్‌కి ముద్ద దిగలేదు. తొమ్మిదింటికల్లా మిగతా అయిదుగురినీ పోగేసి, కోటుకి తలా ఒక చెంచా తగిలించి, గుమ్మం ముందు నిలబెట్టింది. ఇక ఆ ఊరి జనానికి క్యూ కనబడితే కాళ్ళాగవు. దేనికని అడక్కుండానే ఒకరి వెనక ఒకరు చేరి నలభైమందయ్యారు.

పదకొండైంది. పదకొండున్నరా అయింది. నైజెల్ తల బయటపెట్టాడు.

"రాలేదక్కా. ఆయనకి ఫోను కూడా లేదాయె. పన్నెండు దాకా చూసి అందరినీ పంపించేద్దాం."

"మనల్ని చూసి పారిపోయుంటాడు" అన్నాడు పోస్ట్‌మ్యాన్ డెరిక్.

"నువ్వు నోర్మూసుకో. నైజెల్, నువ్వు వెళ్ళి టీ పెట్టు. ఒక్కొక్కర్నీ లోపలికి పిలిచి ఒక్కో కప్పు ఇస్తూ ఉండు. లైను కదులుతున్నంతసేపూ ఎవరూ పోరు." ఇరవై ఏడేళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి ఆవిడ. జనం నాడి తెలుసు.

వెనకవాళ్ళు జారుకోకుండా బిస్కెట్ల డబ్బా పట్టుకుని తనే చివరిదాకా వెళ్ళింది.

"తీసుకోండి పెద్దాయనా. పొద్దున గట్టిగా అన్నాను, ఏమనుకోకండి."

"తప్పు నాదేలేమ్మా. అవునూ, ఇంతమందీ నిజంగా ఆయన కోసమేనా?"

ఆవిడ గొంతు తగ్గించింది. "మీకు చెప్తే ఏంలెండి. మేం ఆరుగురమే. మిగతావాళ్ళు లైనుంది కదా అని నించున్నారు."

"ఆరుగురా! అంతమందున్నారా!"

వెటకారమనుకుని లొరెయిన్‌కి ఒళ్ళు మండింది. "నవ్వండి, మీకేం! మా ఆయన చనిపోయిన ఏడాది నేను మంచం దిగలేదు. ఇక చాలనిపించింది. మీ పాటలకి రుణపడి ఉన్నాను, ఇక సెలవు అని ఈయనకి ఒక్క ఉత్తరం రాశాను. నాలుగో రోజుకి పార్సిల్ వచ్చింది. సీసాడు తేనె, ఒక చీటీ. 'ఇది అయ్యేదాకా ఆగండి. అయిపోగానే రాయండి, ఇంకోటి పంపుతాను' అని."

సంచీలోంచి ఖాళీ సీసా తీసింది. కడిగి కడిగి దాని మీది కాగితం తెల్లబడిపోయింది.

"రోజుకో చెంచా తిన్నాను. అడుగు కనబడేసరికి మళ్ళీ బస్సు నడుపుతున్నాను. రెండోది అడగాల్సిన అవసరం రాలేదు. ఆ మాట ఎదురుగా నించుని చెప్పి, దణ్ణం పెట్టి రావాలని పదకొండేళ్ళుగా ఈ సీసా దాచుకున్నాను."

ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వాన కదా అనుకుంది లొరెయిన్.

క్యూ మెల్లగా లోపలికి పాకింది. పన్నెండయ్యేసరికి కొట్టంతా జనం, టీ కప్పులు, తడి కోట్లు. మధ్యలో బల్ల, బల్ల వెనక ఖాళీ కుర్చీ. లొరెయిన్ ఆ బల్ల మీద తన సీసా పెట్టి పక్కనే కాపలా నించుంది. మాటిమాటికీ ఆ కుర్చీకేసే చూస్తోంది.

నైజెల్ గొంతు సవరించుకున్నాడు. "అందరూ మన్నించాలి. ఆయన ఇక..."

అప్పుడే క్యూలో ఆఖరివాడిగా ముసలాయన బల్ల దగ్గరికొచ్చాడు. టీ కోసం చెయ్యి చాపలేదు. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"అయ్యో, అందులో కూర్చోకండి! అది ఆయన కుర్చీ!" లొరెయిన్ ఒక్క అరుపు అరిచింది.

ఆయన లేవలేదు. సంత సంచీలోంచి నిండు తేనె సీసా తీసి ఖాళీ సీసా పక్కన పెట్టాడు. ఉన్ని టోపీ తీసేశాడు. నలిగిపోయిన వల టోపీ ఒకటి దులిపి నెత్తిన పెట్టుకుని మొహం మీదికి దించుకున్నాడు.

"వెనక్కెళ్ళి నించోమన్నది మీరే కదమ్మా. నా వంతు ఇప్పుడొచ్చింది."