కుదుపు

కారు మళ్ళీ కుదిపింది. తమ వంతు కోసం వెనక సీట్లో కూర్చున్న ఇద్దరి తలలూ ముందు సీటుకి కొట్టుకున్నాయి. నాలుగు రోడ్ల కూడలి, వెనక నుంచి ఒకటే హారన్లు. డ్రైవింగ్ స్కూల్ మాస్టారు ఒళ్ళు మండి నోరు జారాడు.

"దిగక్కా. యాభై దాటాక నీకెందుకీ సరదా? అది కాలా, రోకలిబండా?"

పరాయి మనిషి కాదు, సొంత అక్క. ఆవిడ హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని, కారు దిగి, తల వంచుకుని పేవ్‌మెంట్ మీద నడిచి వెళ్ళిపోయింది. వెనకున్న ఇద్దరూ ఏమీ విననట్టు కిటికీల్లోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టారు.

సరదా కాదని మాస్టారికీ తెలుసు. ఇళ్ళకెళ్ళి రోగుల్ని చూసే నర్సు ఉద్యోగం ఆవిడకి దాదాపు ఖాయమైంది. లైసెన్సు ఒక్కటే తక్కువ. పరీక్ష రేపే. తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరు ఎగరేసుకుపోతారు. ఇవన్నీ తెలిసి కూడా అంత మాటన్నాడు మహానుభావుడు.

తనే స్టీరింగ్ అందుకున్నాడు. రెండు సందులు దాటాడో లేదో, మాస్టారి చేతుల్లోనే కారు ఎగిరెగిరి పడింది. వెనకవాళ్ళు ఇంకా బయటికే చూస్తున్నారు. కాకపోతే ఈసారి నవ్వు దాచుకోవడానికి.

వాళ్ళని దించేసి కారుని షెడ్డుకి తీసుకెళ్తే, కారులో ఏది ఏం చేస్తోందో చూపించే స్కానర్ తగిలించి చూశాడు మెకానిక్. ఆటోమేటిక్ కారు కదా, గేరు ఎప్పుడు మార్చాలో చెప్పడానికి దానికో పెట్టె ఉంటుంది, దాన్ని కంట్రోల్ మాడ్యూల్ అంటారు. దాంట్లోకి చెమ్మ చేరిందట. ఊడదీసి, పచ్చగా చిలుం పట్టిన పిన్నులు చూపించాడు. ఎవరు నడిపినా ఇది ఇలాగే కుదుపుతుందన్నాడు.

ఎవరు నడిపినా. ఆ మాట మాస్టారికి చెంప ఛెళ్ళుమనిపించినట్టయింది. కొంపదీసి ఎవర్నీ తిట్టలేదు కదా అని మెకానిక్ వేళాకోళానికి అడిగితే, మాస్టారు గోడ మీద అంటించిన టైర్ల బొమ్మని పరీక్షగా చూడసాగాడు.

కొత్త పెట్టె బిగించారు. లాప్‌టాప్ పెట్టి దానికి ఈ కారుని పరిచయం చేశారు. అది కొత్త కోడల్లాంటిది మాస్టారూ, ఇంటి పద్ధతులు తెలిసేదాకా కాస్త ఓపిక పట్టాలన్నాడు మెకానిక్. కాసేపు అన్ని గేర్లలోనూ తిప్పితే అలవాటు పడుతుందని, స్కానర్ పట్టుకుని తను వెనక కూర్చుంటానని చెప్పాడు. మాస్టారు నడిపాడు. కారు వెన్నలా పోయింది. అది అంత బాగా పోతున్నకొద్దీ మాస్టారు సిగ్గుతో ముడుచుకుపోయాడు. తిన్నగా అక్క ఇంటి ముందు ఆపాడు.

దారంతా కూర్చుకున్న మాటలు గుమ్మంలోకి రాగానే తారుమారయ్యాయి.

"తప్పు కారుదే అక్కా, గేర్లు మార్చే పెట్టె పాడైంది. కాదు... తప్పు నాదే. నలుగుర్లో అంత మాట అనకుండా ఉండాల్సింది."

"నిజంగా పెట్టెదేనా? నా కాలుది కాదుగా?" అంది అక్క. ఒకసారి కాదు, రెండుసార్లు అడిగింది. ఆ అడగడం చూసి మాస్టారికి తల కొట్టేసినట్టయింది. నీ కాలు బంగారం అన్నాడు. నేర్పే కారు కాబట్టి తన వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది కానీ, తన దగ్గర నేర్చుకున్నవాళ్ళకి దానితో పనే పడదని, అది తుప్పు పట్టిపోతోందని నవ్వించాలని చూశాడు. అక్క నవ్వింది కూడా.

ఈసారి అక్క నడిపింది, మాస్టారు పక్క సీట్లో, మెకానిక్ వెనక కూర్చున్నారు. మొదటి వీధి హాయిగా గడిచింది. అదే కూడలి వచ్చింది. ఎదురుగా ఒక బస్సు మలుపు తిరిగింది.

కారు కుదిపింది. కాస్త ముందుకెళ్ళాక మళ్ళీ కుదిపింది. ఆ పైన ఇంకోసారి.

అక్క కారుని పక్కకి తీసి, ఇంజన్ ఆపకుండానే గేరు పార్కులో పెట్టి దిగిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా నవ్వబోయింది.

"పెట్టె కొత్తదేరా. కాలే పాతది. ఆ ఉద్యోగం నాకొద్దని ఫోన్ చేసి చెప్పేస్తాను. నీ స్కూలు పరువు కూడా ఎందుకు తియ్యడం."

 అంత బాధలోనూ, చూశావా నేనన్నదే నిజమైంది అని మాస్టారి లోపలెక్కడో ఒక గొంతు గర్వంగా అంది. అది తన గొంతేనని తెలిసి మరింత సిగ్గుపడ్డాడు.

వెనక సీట్లోంచి మెకానిక్, స్కానర్ మీంచి తలెత్తకుండానే అడిగాడు.

"అక్కగారూ, మీరు రెండు కాళ్ళతో తొక్కుతారా? బ్రేకొకటి, యాక్సిలరేటరొకటి?"

"లేదు బాబూ. ఒక్క కాలే. వీడు అలాగే నేర్పాడు."

"మరి కుదిపినప్పుడల్లా రెండూ ఒకేసారి నొక్కినట్టు చూపిస్తోందే. అంతెందుకు, మీరు దిగి కింద నిలబడ్డారు. బ్రేకు ఇప్పటికీ నొక్కే ఉంది."

అక్క వంగి కిటికీలోంచి లోపలికి చూసింది. తమ్ముడి కాలు తన వైపు బ్రేకు మీద బిగుసుకుపోయి వణుకుతోంది.