చుక్క ఎక్కువైతే

ఏమోయ్, లోకంలో తెలివంతా నీ ఒక్కడికే వచ్చిందనుకుంటున్నావుగా, ఇలా వచ్చి కూర్చో. నీకంటే రెండాకులు ఎక్కువ చదివిన బావ ఒకడున్నాడు. చదివింది ఆ రెండాకులే అనుకో. నవ్వకు, నీ సంగతీ నాకు తెలుసు. విను.

"మూడో గంప కూడా ఫెయిలే బావా," అంది మరదలు, గాజుగిన్నె ఎత్తి చూపిస్తూ. బీన్స్ ముక్కలు ఇటుకరంగు నీళ్లలో తేలుతున్నాయి.

కూరగాయల్ని గడ్డకట్టించి ప్యాకెట్లు చేసే ఫ్యాక్టరీ అది. బీన్స్‌ని పట్టీ మీద వేసి మరిగే నీళ్లలోంచి నడిపించే పని బావది. అవి సరిగ్గా ఉడుకు పట్టాయో లేదో టెస్టుగదిలో చూసే పని మరదలిది. స్వయానా పెళ్లాం చెల్లెలు. అయినా కనికరం లేదు.

"చుక్క తక్కువ వేసి చూడవే. సొంత బావని."

"చుక్క తగ్గిస్తే నీ బీన్స్ ఉడుకుతాయా? వీటిలో పెరాక్సిడేజ్ అని ఒక ఎంజైము ఉంటుంది. వేడికి అది చావాలి. మందూ, చుక్క పెరాక్సైడూ వేస్తే రంగొచ్చిందీ అంటే అదింకా బతికే ఉంది. ప్యాకెట్లో కూర్చుని రుచంతా పాడుచేస్తుంది. పట్టీ నెమ్మదిగా నడుపు."

"నువ్వొచ్చి నడుపు, తెలుస్తుంది."

సూపర్వైజర్ తలుపులోంచి తల పెట్టాడు. "నాలుగోది కూడా పోయిందా, రేపట్నుంచి కోల్డ్ రూములో మూటలు మొయ్యాలి నువ్వు. పట్టీ దగ్గర ఇంకొకణ్ణి పెడతా."

బావ అసలే ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీస్తేనే మోకాళ్లు పట్టేసే మనిషి. సణుక్కుంటూ వెళ్లి పట్టీ వేగం తగ్గించాడు. నాలుగో గంప వచ్చింది. తనే మోసుకొచ్చి టెస్టుగది బల్ల మీద పెట్టాడు. కానీ నమ్మకం ఎక్కడిది? మూడుసార్లు తన్నిన గాడిద నాలుగోసారి ముద్దు పెడుతుందా?

అప్పుడు బుర్రలో దీపం వెలిగింది. పోయిన వారం అన్నాలు తింటూ మరదలే చెప్పింది. "పెరాక్సైడ్ చుక్క వేస్తే ఆ ఎంజైముకి తిండి బావా. ఘాటుది కుమ్మరిస్తే ఆ తిండే దాని పీక నొక్కేస్తుంది. ఇక రంగూ రాదు, పాడూ రాదు."

మరదలు కత్తి కడుక్కోడానికి వెళ్లింది. తొట్లు కడగడానికి తెచ్చిన ఘాటు పెరాక్సైడ్ డబ్బా మూలనే ఉంది. బావ బల్ల మీద మరదలు చుక్కలు వేసే చిన్నసీసాలోది తూములో పారబోసి, అందులో డబ్బాలోది నింపేశాడు. నాలుగు చుక్కలు వేళ్ల మీద ఒలికాయి. చీమలు కుట్టినట్టు చుర్రుమంది. ప్యాంటుకి తుడుచుకుని చెయ్యి జేబులో దాచేసి, గోడ మీద క్యాలెండరు చదువుతున్నట్టు నిలబడ్డాడు.

మరదలు వచ్చింది. ముక్కలు తరిగి గిన్నెలో వేసింది. మందు వేసింది. చిన్నసీసా ఎత్తి చుక్కలు వేసింది. కాస్త నురగ లేచింది, అంతే. ఒక నిమిషం. రెండు. మూడు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

అప్పుడే సూపర్వైజర్ కూడా వచ్చాడు. "ఏమైంది?"

"ఏమవుతుంది సార్, మన చెయ్యి పడ్డాక," అన్నాడు బావ. "పాస్ అని రాయవే మరదలా. పెన్ను లేకపోతే నాది తీసుకో."

మరదలు పెన్ను తీసుకోలేదు. గిన్నె వంకే చూస్తోంది.

"ఇవి నీ గంపలోవి కావు బావా."

"మరి?"

"పచ్చివి. నీళ్లు కూడా తగలనివి. గంపగంపకీ ముందు ఒక పచ్చిముక్కకి వేసి చూస్తాను, మందు సరిగ్గా ఉందో లేదో తెలియాలిగా. దీనికి రంగు రాకుండా ఉండదు."

బావ మళ్లీ క్యాలెండరు వైపు తిరిగాడు. "మందు పాతబడిందేమో."

"పొద్దున మూడుసార్లు పనిచేసింది. నీ చెయ్యి తియ్యి."

"ఏ చెయ్యి?"

"జేబులోది."

తియ్యక తప్పలేదు. బొటనవేలూ, పక్క రెండు వేళ్లూ సున్నంలో ముంచినట్టు తెల్లగా పాలిపోయాయి. సూపర్వైజర్ ఆ వేళ్లని చూశాడు, మూలనున్న డబ్బాని చూశాడు. మేకుకి వేలాడుతున్న కోల్డ్ రూము మందపాటి కోటు తీసి బావ భుజాన వేశాడు.

"చెయ్యి కడుక్కో ముందు," అంది మరదలు విసుగ్గా. బీరువాలోంచి కొత్త పెరాక్సైడ్ సీసా తీసి మూత విప్పింది. పచ్చిముక్కకి వేసింది. చూస్తుండగానే ఇటుకరంగు తిరిగింది. కత్తి కడిగి, ఇంకో గిన్నె తెచ్చి, ఈసారి నాలుగో గంపలోంచి తరిగింది. చుక్క వేసింది. గడియారం చూసుకుంది.

కొళాయి కింద చెయ్యి పెట్టి, భుజాన కోటుతో బావ అక్కడే నిలబడ్డాడు. ఒక నిమిషం. రెండు. మూడు.

మరదలు గిన్నెని వెలుతురుకి పట్టి చూసింది. నీళ్లు తేటగా ఉన్నాయి.

"పాస్ బావా," అంది మెల్లగా. "ఈసారి నిజంగానే ఉడికాయి."