పీకాల్సిన పోస్టు

“బడి బస్సు ఇవాళ కూడా ఆలస్యమేనా? ముందు ఆ డ్రైవర్ని పీకెయ్యండి!” అన్నాడు, ఆ పల్లెటూరి బడిలో పోస్టులు తగ్గించడానికి వచ్చిన అధికారి.

“పీకేస్తే లెక్కలెవరు చెప్తారండీ?” అంది హెడ్మిస్ట్రెస్.

“డ్రైవర్ లెక్కలు చెప్పడమేంటి, నా మొహం! సరే, లెక్కల పోస్టే తీసేద్దాం.”

“మరి గంటెవరు కొడతారండీ?”

అధికారికి ఒళ్లు మండింది. “వేళాకోళమా? ఆ ముగ్గుర్నీ వెంటనే నా ముందుకి రమ్మనండి!”

ఆమె కదల్లేదు. “వచ్చారు కదండీ,” అంది.

అప్పుడు చూశాడాయన ఆమె చేతుల్ని. వేళ్లకి సుద్దపొడి, గోళ్లలో గ్రీజు. కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

“మీకు జ్వరమొస్తే ఎలాగమ్మా?”

“సెలవివ్వాల్సింది హెడ్మిస్ట్రెస్ కదండీ. అది మహా రాక్షసి, ఇచ్చి చావదు.”